నలభై ఒకటో రోజు

ఆర్డిస్ హోవ్‌లాండ్ ఇప్పటికి మూడు వ్యాపారాలు చేసింది. మూడూ ఒకే కొట్టులో. మొదట సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చింది. అవి పోయాక అదే గదిలో దీపాల మంచాలు వేయించి, మంచుకాలంలో కూడా ఒళ్ళు ఎండలో కాగినట్టు కనిపించాలనుకునేవాళ్ళకు గంటల లెక్కన అద్దెకిచ్చింది. ఆ మోజు తీరాక ఈ-సిగరెట్లు పెట్టింది. ఓస్టన్ ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ దాన్ని ఆవిరి కొట్టు అంటారు.

మొదటి రెండు వ్యాపారాలు పోయినందుకు ఆమె ఎవరినీ తిట్టుకోలేదు. జనానికి అక్కర తీరిపోయిన సరుకు అరలో పెట్టుకుని కూర్చోవడం వ్యాపారం కాదు, కాపలా. కానీ ఈ మూడోది జనం అడిగి కొంటూ ఉండగానే పోయేలా ఉంది. అదే ఆమెకు మింగుడుపడలేదు.

జనవరి మూడో వారంలో కబురు తెలిసింది. రాష్ట్ర రాజధాని పీర్‌లో శాసనసభ మొదలైన కొద్ది రోజులకే రోలిన్ స్టావిగ్ అనే ప్రతినిధి ఒక బిల్లు పెట్టాడు. ఈ-సిగరెట్లలో పోసే ద్రవం మీద మిల్లీలీటరుకు పది సెంట్ల పన్ను. కొట్లలో ఆ ద్రవాన్ని రసం అంటారు. నూట ఇరవై మిల్లీలీటర్ల రసం సీసాను ఆర్డిస్ ఇరవై డాలర్లకు అమ్ముతుంది. పన్ను పన్నెండు డాలర్లు పడితే అది ముప్ఫై రెండవుతుంది. అంతటితో పోదు. జూలైలో చట్టం అమలయ్యే రోజున అరల్లో ఉన్న సరుకంతటికీ ఆ పూటే పన్ను కట్టాలట. ఆమె అరల్లో ఎప్పుడూ పన్నెండు వందల సీసాలకు తక్కువ ఉండవు. అంటే పద్నాలుగు వేల నాలుగు వందలు. ఆ లెక్క ఆమెకు కాగితం లేకుండానే తెలిసింది. అంత సొమ్ము తన దగ్గర లేదన్న సంగతి అంతకంటే ముందే తెలుసు.

అసలు గుబులు ఆ సొమ్ము గురించి కూడా కాదు. ఇరవైకి కొనేవాడు ముప్ఫై రెండుకు కొనడు. మానేస్తాడా అంటే మానేయడు. రోడ్డు దాటి పెట్రోలు బంకుకు వెళతాడు. అక్కడ పాత సిగరెట్టు పెట్టె అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆర్డిస్ మొగుడు మైలో రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాడు. ఎప్పుడు మానేస్తావని అడిగితే నవ్వి, "నలభై ఒకటో రోజున," అనేవాడు. ఆ రాష్ట్రంలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. అక్కడ శాసనసభ ఏడాదికి నలభై రోజులకు మించి కూర్చోదు. ఏదైనా బిల్లును చంపాలనుకుంటే కమిటీ వాళ్ళు వద్దని మొహం మీద చెప్పరు. మర్యాదగా నలభై ఒకటో రోజుకు వాయిదా వేస్తారు. ఆ రోజు ఏ ఏడూ రాదు. గడ్డం గీసే మంగలి నుంచి గోధుమలు తోలే రైతు దాకా, చేయదలచుకోని పని గురించి అందరూ అనే మాట అదే. మైలో కూడా అలాగే అన్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఊపిరితిత్తులు చేతులెత్తేసి చనిపోయాడు.

ఆ ఏడే ఆర్డిస్ తన ముప్ఫై ఒక్కేళ్ళ సిగరెట్టు మానేసింది. మేనకోడలు పంపిన ఆవిరి గొట్టం పట్టుకుని మానేసింది. అది మందని ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. "పెద్ద దొంగని తరమడానికి చిన్న దొంగని ఇంట్లో పెట్టుకోవడం," అని చెప్పేది. చెప్పి, ఆ చిన్న దొంగనే అమ్మకానికి పెట్టింది.

బిల్లు సంగతి తెలిసిన వారం రాష్ట్రంలోని ఆవిరి కొట్లవాళ్ళంతా సూఫాల్స్‌లో ఒక హోటల్లో కలిశారు. అందరూ చందా వేసుకుని ట్రెంట్ అనే కుర్ర వకీలును పెట్టుకున్నారు. అతను అందరికీ నల్ల చొక్కాలు కుట్టించాడు. వాటి మీద ‘మా ఊపిరి మా ఇష్టం’ అని రాయించాడు. విచారణ రోజున అందరూ ఆ చొక్కాలు వేసుకుని శాసనసభ మెట్ల మీద నిలబడి ఒక్కసారి గుప్పున ఆవిరి వదలాలన్నాడు. టీవీ వాళ్ళు వస్తారన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్డిస్ మాత్రం, ఆ కమిటీలో పదముగ్గురున్నారు కదా, వాళ్ళలో మన సరుకు వాడేవాళ్ళు ఎందరని అడిగింది. ట్రెంట్ ఒక్కరూ లేరన్నాడు. మరి వాళ్ళేం చేస్తుంటారని అడిగింది. తెలీదన్నాడు.

ఆమె చొక్కా మడతపెట్టి సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. ఎదుటివాడికి ఏం కావాలో తెలియకుండా మూట విప్పడం ఆమెకు క్యాసెట్ల రోజుల నుంచీ అలవాటు లేదు. పదముగ్గురి పేర్లూ వెతికింది. తొమ్మిదిమంది పశువులు పెంచేవాళ్ళో, పొలాలు చేసేవాళ్ళో, లేదా వాళ్ళకు దాణా, బీమా, ట్రాక్టర్లు అమ్మేవాళ్ళో. ఊపిరి గురించి వాళ్ళతో ఎంతసేపు మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కానీ వాళ్ళకు ఏది అమ్మాలో అప్పటికి ఆమెకూ తోచలేదు.

అది తోచింది గెర్రిట్ వచ్చిన రోజున. గెర్రిట్ డెయ్‌క్‌స్ట్రా ఊరికి ఆరు మైళ్ళలో తొమ్మిది వందల ఆవుల పాడి పెట్టుకున్న మనిషి. నలభై ఏళ్ళు కాల్చి, ఆర్డిస్ కొట్టు పుణ్యాన మానేసినవాడు. గురువారం పాల ట్యాంకరు కదిలాక, వారానికి సరిపడా పొగాకు రుచి రసం కొనడానికి వస్తాడు. ఆ రోజు బయట చలి సున్నాకు ఇరవై కింద ఉంది. అతను ఒక చేత్తో గ్యాలన్ డబ్బా మోసుకుంటూ లోపలికొచ్చి, అడగకుండానే దాన్ని హీటరు పక్కన పెట్టాడు. చలికి చిక్కబడిపోయి గొట్టంలో దిగడం లేదని, కాస్త పలచబడేదాకా ఉంచమని చెప్పాడు. ఈనిన ఆవుకు మేత సయించక నీరసించిపోతే గొంతులో పోసే తియ్యటి మందు అది.

ఆర్డిస్ బల్ల మీద బిల్లు కాగితాలున్నాయి. వారం రోజులుగా చదివి చదివి వాటి అంచులు నలిగాయి. ఆమె తలెత్తి డబ్బా మీది చీటీ చూసింది. ప్రొపిలీన్ గ్లైకాల్. మళ్ళీ వెనక్కి తిరిగి తన అరలోంచి ఒక సీసా తీసి దాని మీది చీటీ చూసింది. అందులోనూ మొదటి పేరు అదే.

"ఏంటమ్మా, నా ఆవు మందుని అలా చూస్తున్నావ్?" అన్నాడు గెర్రిట్. "తాగుతావా ఏంటి? తియ్యగానే ఉంటుంది, నేను నాకి చూశాను."

ఆమె నవ్వలేదు. డబ్బా ఎంతకు కొన్నావని అడిగింది. ఇరవై నాలుగన్నాడు. ఒక్కో ఆవుకు ఎంత పోస్తావని అడిగింది. రోజుకు మూడు వందల మిల్లీలీటర్లు, అయిదు రోజులు, అన్నాడు. ఎన్ని ఆవులకని అడిగింది. అయిదింట ఒకదానికి అవసరపడుతుందన్నాడు. తన ఆవుల మీద ఆమెకు ఇంత ప్రేమ ఎప్పటి నుంచని అడిగాడు.

ఆమె కాగితం తిప్పి రెండో పుట చదివి వినిపించింది. పన్ను వేసేది దేని మీదంటే, ఆవిరిగా మార్చి పీల్చడానికి వీలైన ఏ ద్రవం మీదైనా, అందులో నికోటిన్ ఉన్నా లేకున్నా, దానిలో కలిసే ఏ భాగం మీదైనా, ఆ భాగాన్ని విడిగా అమ్మినా సరే. స్టావిగ్ దీన్ని ఎక్కడో సముద్రం పక్కనున్న రాష్ట్రం చట్టంలోంచి యథాతథంగా ఎత్తి రాసుకున్నాడని ఆమె అప్పటికే కనిపెట్టింది. ఆ సముద్రం పక్కన ఆవులున్నాయో లేవో ఎవరికి తెలుసు.

"నీ డబ్బా మీద మూడు వందల డెబ్భై ఎనిమిది డాలర్ల యాభై సెంట్లు పన్ను పడుతుంది," అంది.

గెర్రిట్ నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపాడు. "నా ఆవు సిగరెట్టు తాగదే."

"తాగక్కర్లేదు. వీలుంటే చాలంట."

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కో ఆవుకు పన్ను నూట యాభై డాలర్లు, నూట ఎనభై ఆవులకు ఇరవై ఏడు వేలు. ఆ లెక్క ఆమె పూర్తి చేసేలోపే అతను ఫోను తీశాడు. పాడి రైతుల సంఘానికి చెబుతానన్నాడు, స్టావిగ్‌కు చెబుతానన్నాడు, అవసరమైతే తన బావమరిదికి కూడా చెబుతానన్నాడు. ఆర్డిస్ చెయ్యి చాచి ఆ ఫోను మీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వివాళ చెబితే రేపటికల్లా ఆ రెండు మాటలు దిద్దేస్తారు. నీ ఆవు గట్టెక్కుతుంది, నేను మునుగుతాను. విచారణ ఇంకా పన్నెండు రోజులుంది. అందాకా నోరు కుట్టుకోగలవా?"

"నేనా?"

"నువ్వే."

గెర్రిట్‌కు పొద్దున ఏడింటికి తెలిసిన సంగతి ఎనిమిదింటికి కౌంటీ అంతా తెలుస్తుందని అందరికీ తెలుసు. అతనికి కూడా తెలుసు. కాసేపు డబ్బాను చూశాడు, కాసేపు తన చేతిలోని రసం సీసాను చూశాడు. చివరికి, ప్రయత్నిస్తానన్నాడు.

ఆ పన్నెండు రోజులూ ఆర్డిస్ చేసిన పని ఒక్కటే. తనను తాను స్టావిగ్ అనుకుని ఆలోచించింది. బేరానికి కూర్చునేవాడు అవతలివాడి కుర్చీలో కూడా ఒకసారి కూర్చుని రావాలి. తప్పు బయటపడగానే స్టావిగ్ ఏం చేస్తాడు? ఆవుని వదిలేస్తున్నానని దిద్దుతాడు. అప్పుడు బిల్లులో ఏం మిగులుతుంది? దిద్దితే తప్పించుకునే దారేది? కొట్టు మూసినప్పుడల్లా సీసాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క దిద్దుబాటూ తనే రాసి, తనే దాన్ని విరగ్గొట్టింది. పదో రోజుకు విరగనిది ఒక్కటీ మిగలలేదు. అప్పుడు రెండు ఖాళీ సీసాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కడిగి తుడిచి సంచిలో పెట్టుకుంది.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం ఇద్దరూ గెర్రిట్ బండిలో పీర్‌కు బయలుదేరారు. మూత తీయని ఆవు మందు డబ్బా ఒకటి ఇద్దరి మధ్యా కూర్చుంది. దారి పొడుగునా గెర్రిట్ చెప్పింది ఒకటే, ఈ పన్నెండు రోజుల్లో తను నాలుగు కిలోలు తగ్గానని. మాట్లాడకపోతే ఆకలి కూడా వేయదని తనకిన్నాళ్ళూ తెలీదన్నాడు.

సాయంత్రం హోటలు పక్కన చిన్న కాఫీ కొట్లో వేయించిన మాంసం ముక్కలు తింటున్నారు. పక్క బల్ల దగ్గర నుంచి సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన లేచి వచ్చి చెయ్యి చాచాడు. రోలిన్ స్టావిగ్. మంచి మనిషిలాగే కనిపించాడు. తన ఊళ్ళో బీమా అమ్ముతాడట. బడి పిల్లలు పాడైపోతున్నారనే ఈ బిల్లు పెట్టాను తప్ప మీ మీద కోపంతో కాదన్నాడు. రేపు పొద్దున మీ మాట కూడా వింటామన్నాడు. వాళ్ళ పక్కన కుర్చీలో ఉన్న డబ్బా కూడా చూశాడు. "ఆవు ఈనిందా?" అని గెర్రిట్‌ను పలకరించాడు.

గెర్రిట్ నోరు తెరిచాడు. ఆర్డిస్ బల్ల కింద బూటుతో అతని కాలి పిక్క మీద తన్ని, బల్ల పైన తన పళ్ళ కేకు పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"ఈనింది," అన్నాడు గెర్రిట్, కళ్ళలో నీళ్ళతో. నోరు నిండా కేకు పెట్టుకున్నాడు.

స్టావిగ్ దూడ బాగుందా అని కూడా అడిగి వెళ్ళిపోయాడు. గెర్రిట్ మింగి, ఇంకొక్క నిమిషం ఆయన నిలబడి ఉంటే తన ప్రాణం పోయేదన్నాడు. ఆర్డిస్ అతనికి ఇంకో ముక్క తెప్పించింది.

విచారణ గది చిన్నది. పదముగ్గురు సభ్యులు గుర్రపు నాడాలా బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు మార్లిస్ ఎకర్ట్, తెల్ల జుట్టు, గొర్రెల మంద ఉన్న మనిషి. ముందు బిల్లు కావాలన్నవాళ్ళను పిలిచింది. కొలెట్ డాల్‌క్విస్ట్ అనే బడి నర్సు లేచి, తన బడిలో కిందటేడు ఏడుగురు పిల్లలు మరుగుదొడ్లో ఈ గొట్టాలతో దొరికారని చెప్పింది. ఒకమ్మాయికి పదమూడేళ్ళు. నర్సు గొంతు పెంచలేదు. గదిలో అందరూ విన్నారు. ఆర్డిస్ కూడా విన్నది. ఆ మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు.

తర్వాత వద్దన్నవాళ్ళ వంతు. నల్ల చొక్కాలవాళ్ళలోంచి మొదటివాడు వచ్చి స్వేచ్ఛ గురించి మాట్లాడాడు. రెండోవాడు ఇంకా ఎక్కువ స్వేచ్ఛ గురించి మాట్లాడాడు. సభ్యులు చేతి గడియారాలు చూసుకున్నారు. మూడు నిమిషాలు కాగానే అధ్యక్షురాలు పెన్సిలు బల్లకు కొట్టి ఆపేసింది. ట్రెంట్ మొహం వాడిపోయింది. మూడో పేరు ఆర్డిస్‌ది.

ఆమె తన మామూలు ఉన్ని కోటులోనే వెళ్ళింది. డబ్బాను బల్ల మీద పెట్టి కూర్చుంది.

"అధ్యక్షురాలా, కమిటీ పెద్దలారా, నా పేరు ఆర్డిస్ హోవ్‌లాండ్. ఓస్టన్‌లో ఆవిరి కొట్టు నాది. నర్సమ్మ చెప్పింది నిజం. నేను పిల్లలకి అమ్మానని ఎవరైనా రుజువు చేస్తే, కొట్టు తాళం తెచ్చి ఈ బల్ల మీద నేనే పెడతాను. కానీ ఈ బిల్లులో పిల్లల ఊసే లేదండి. మిల్లీలీటర్ల ఊసే ఉంది. ఈ డబ్బాలో మూడు వేల ఏడు వందల ఎనభై అయిదు మిల్లీలీటర్లున్నాయి. ఇదేంటో మీలో ఎవరికైనా తెలుసా?"

చివర కూర్చున్న వెండెల్ నాప్ అనే ముసలి పశువుల ఆసామి ముందుకు వంగి చూశాడు. "అవి మా కొట్టంలో మూడున్నాయి," అన్నాడు.

"ఎంతకు కొన్నారండి?"

"ఇరవై అయిదో ఎంతో."

"జూలై నుంచి నాలుగు వందల మూడు డాలర్ల యాభై సెంట్లండి."

అప్పుడామె రెండో పుటలోని ఆ వాక్యం చదివింది. మెల్లగా, ఒక్కొక్క మాటా బల్ల మీద నాణెం పెట్టినట్టు చదివింది. ‘వీలైన’ దగ్గర ఒకసారి ఆగింది. ‘ఉన్నా లేకున్నా’ దగ్గర ఒకసారి ఆగింది. పదముగ్గురూ తమ ముందున్న కాగితాలు తిప్పే చప్పుడు గది అంతా వినిపించింది. తర్వాత ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. గొర్రెలు ఈనేటప్పుడు తనూ అదే మందు పోస్తానని, బిల్లులో గొర్రెలకు మినహాయింపు ఉందా అని స్టావిగ్‌ను అడిగింది.

గెర్రిట్‌ను పిలిచారు. పన్నెండు రోజుల మౌనం ఒక్కసారి విడిచిపెట్టాడు. తొమ్మిది వందల ఆవులు, వాటిలో మందు పోయాల్సినవి నూట ఎనభై, ఇరవై ఏడు వేల డాలర్లు అన్నాడు. తన ఆవుల్లో ఒక్కటీ సిగరెట్టు ముట్టదని, తను మానేసి కూడా ఆరేళ్ళయిందని, అది ఈ ఆడమనిషి వల్లేనని అన్నాడు. ఈ పన్ను వేస్తే తను బంకుకు పోయి పాత పెట్టే కొనాల్సి వస్తుందని, అప్పుడు తన చావుకు రాష్ట్రం బాకీ పడుతుందని అన్నాడు. మూడు నిమిషాలకు అధ్యక్షురాలు పెన్సిలు ఎత్తింది గానీ కొట్టలేదు.

స్టావిగ్ లేచాడు. మొహం ఎర్రబడింది కానీ తడబడలేదు. ఇది రాతలో దొర్లిన చిన్న పొరపాటని, విడి భాగాలను తీసేసి, నికోటిన్ ఉన్న రసం మీదే పన్నని దిద్దితే సరిపోతుందని అన్నాడు. కొందరు తలలూపారు. ట్రెంట్ కళ్ళు మూసుకున్నాడు. అధ్యక్షురాలు ఆర్డిస్ వైపు చూసి, దానికి ఆమె చెప్పేదేమైనా ఉందా అని అడిగింది.

ఆర్డిస్ సంచిలోంచి రెండు సీసాలు తీసింది. పెద్దది డబ్బా ఎడమ పక్కన పెట్టింది, చిన్నది కుడి పక్కన.

"నికోటిన్ ఉన్నదానికే పన్నంటే, రేపటి నుంచి నేను ఈ పెద్ద సీసాలో నికోటిన్ లేని రసం నూట పది మిల్లీలీటర్లు అమ్ముతాను. ఈ చిన్న సీసాలో పది మిల్లీలీటర్ల ఘాటు నికోటిన్ రసం. కొన్నవాడు ఇంటికెళ్ళి ఇది అందులో పోసుకుని ఊపుకుంటాడు. పన్నెండు డాలర్లు రావలసిన చోట మీకు ఒక్క డాలరు వస్తుంది. ఆ డాలరు లెక్కపెట్టడానికి గుమాస్తాని పెట్టాలి. ఇదేం నా తెలివి కాదండి, అట్లాంటిక్ అవతల కొట్లలో ఎప్పటి నుంచో ఇలాగే అమ్ముతున్నారు. పెద్ద సీసాని కూడా పట్టుకోవాలంటే మళ్ళీ ‘ఉన్నా లేకున్నా’ అని రాయాలి. అప్పుడు ఇదిగో, మళ్ళీ ఆవు దగ్గరికే వస్తారు." ఆమె డబ్బా మూత మీద చెయ్యి వేసింది. "ఆవుని వదిలితే రసం జారిపోతుంది. రసాన్ని పట్టుకోవాలంటే ఆవుని పట్టుకోవాలి."

నాప్ గడ్డం గోక్కుంటూ, మరి ఎలా రాస్తే రెండూ కుదురుతాయమ్మా అని అడిగాడు.

"అది చెప్పడానికి నాకెవరూ జీతం ఇవ్వడం లేదండి," అంది ఆర్డిస్.

ఈసారి అధ్యక్షురాలు కూడా నవ్వింది. స్టావిగ్ ఇంకో రెండు దిద్దుబాట్లు చెప్పి చూశాడు. మొదటిదానికి ఆర్డిస్ పెద్ద సీసాను చూపించింది. రెండోదానికి ఏమీ చెప్పనక్కరలేకపోయింది. సభ్యులే ఆయనకు డబ్బాను చూపించారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటామా అన్నాడు ఒకాయన. చివరికి నాప్ కళ్ళజోడు తీసి, గొంతు సవరించుకుని, ఈ బిల్లును నలభై ఒకటో రోజుకు వాయిదా వేయాలని ప్రతిపాదిస్తున్నానన్నాడు.

ఆ మాట ఆర్డిస్ వేలసార్లు విన్నది. వంటింట్లో విన్నది, కారులో విన్నది, ఆసుపత్రి మంచం పక్కన కూడా విన్నది. ప్రతిసారీ దాని అర్థం ఎప్పటికీ లేదనే. ఇప్పుడు గుమాస్తా పేర్లు పిలుస్తుంటే, ఒక్కొక్కరూ సరే అంటుంటే, అదే మాట మొదటిసారి ఆమె పక్షాన నిలబడింది. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక ఇంకొకటి. పదకొండు సరే, రెండు కాదు. అధ్యక్షురాలు పెన్సిలు బల్లకు కొట్టింది.

మెట్ల మీద నల్ల చొక్కాలవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. ట్రెంట్ వచ్చి, ఆ సంగతి ముందే తనకు ఎందుకు చెప్పలేదని అడిగాడు. నీకు చెబితే చొక్కాల మీద రాయించేవాడివని ఆర్డిస్ చెప్పింది. స్టావిగ్ కూడా వచ్చి చెయ్యి కలిపాడు. రెండు వారాల కిందట తనకు ఫోను చేసి చెప్పి ఉండొచ్చు కదా అన్నాడు. చెప్పి ఉండొచ్చని ఆమె ఒప్పుకుంది.

నర్సు ఒక్కతే స్తంభం దగ్గర నిలబడి చేతి తొడుగులు వేసుకుంటోంది. ఆర్డిస్ ఆమె దగ్గరికి వెళ్ళింది. పిల్లల దగ్గర దొరికిన గొట్టాలు ఏం చేశారని అడిగింది. బీరువాలో ఉన్నాయంది నర్సు. వాటిని చూపిస్తే ఏది ఏ టోకు వర్తకుడి దగ్గర నుంచి వచ్చిందో, ఏ కొట్టు అమ్మిందో చీటీ చూసి చెప్పగలనంది ఆర్డిస్. అలా అమ్మినవాడిని పట్టిస్తే తనకు పోటీ తగ్గుతుంది తప్ప నష్టం లేదని కూడా చెప్పింది. నర్సు వేసుకున్న తొడుగు మళ్ళీ విప్పి, మంగళవారం రమ్మంది. రాసుకోవడానికి కాగితం లేకపోతే ఆర్డిస్ సంచిలోంచి నల్ల చొక్కా తీసి, దాని మడతలో ఉన్న అట్ట చింపి ఇచ్చింది.

తిరుగు దారిలో గెర్రిట్ ఆగకుండా మాట్లాడాడు. మధ్యలో ఒకసారి, ఒకవేళ ఆ సభవాళ్ళు ఏ ఏడైనా నిజంగానే నలభై ఒకటో రోజు కూర్చుంటే ఏం చేస్తావని అడిగాడు. అప్పుడు చూద్దాంలే అంది ఆర్డిస్. ఓస్టన్ రాగానే అతను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. పొద్దున ఇంకో ఆవు ఈనిందని కొడుకు ఫోను చేశాడట.

మర్నాడు పొద్దున కొట్టు తలుపు మీద పాత పలక కొత్త మాటలతో వేలాడింది. ఆర్డిస్ సుద్దతో పెద్ద అక్షరాలు రాసింది. ‘ఇరవై ఒక్కేళ్ళు నిండనివాళ్ళు లోపలికి రావద్దు. ఈ కొట్టు నలభై ఒకటో రోజు దాకా తెరిచే ఉంటుంది.’

రోడ్డవతల బంకులో పెట్రోలు పోయించుకుంటున్న ఒకాయన అది చదివి, బండి అక్కడే వదిలేసి, రోడ్డు దాటి ఇటు వచ్చాడు.